ఇనుముకి పాలు పట్టిన మామయ్య

ఓట్ల లెక్కింపు రోజున మా మామయ్య పనికి వెళ్ళాడు. ఊరంతా టీవీల ముందు కూర్చుంటే ఆయన ఏటి మధ్యలో స్తంభమెక్కి రాడ్లకి బైండింగ్ వైరు బిగిస్తున్నాడు. కబురు చెప్పడానికి మా నాన్న ఒడ్డుదాకా వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"బామ్మర్దీ! మావాళ్ళు గెలిచారు!"

"సంతోషం బావా! ఇక్కడ ఈ రింగు పూర్తి చెయ్యనిస్తారా, దిగిపొమ్మంటారా?" అని మామయ్య పైనుంచే అడిగాడు.

నాన్న నవ్వుకుంటూ వచ్చేశాడు. ఆ మాట నిజమవుతుందని అప్పుడు ఇద్దరిలో ఎవరికీ తెలీదు.

మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు ఆయన. రాడ్ బెండింగ్ మేస్త్రి. కాంక్రీటు పోసేముందు లోపల ఉండాల్సిన ఇనుప చట్రాన్ని కట్టేవాళ్ళ ముఠాకి పెద్ద. "తాపీ మేస్త్రి పని పదిమందీ చూసి మెచ్చుకుంటారు. నా పని కనపడిందంటే ఏదో కూలిపోయిందని లెక్క" అనేవాడు.

మా ఊరిని ఏరు రెండు ముక్కలు చేసింది. ఇళ్ళన్నీ ఇటు, ఆసుపత్రి, మార్కెట్టు, కాలేజీ అటు. పడవ తిరిగితే దాటడం, వరదొస్తే గట్టున నిలబడి అటువైపు చూడటం. చుట్టుదారిన బస్సులో పోతే పూట గడిచిపోతుంది. తాతల నాటి నుంచీ అడగ్గా అడగ్గా పాత ప్రభుత్వం వంతెన మొదలుపెట్టింది. మామయ్య ముఠాకి పని దొరికింది. అత్త ఒడ్డున రేకుల షెడ్డు వేసి పనివాళ్ళకి భోజనాలు పెట్టడం మొదలెట్టింది. సిమెంటు, మేకులు, గొళ్ళేలు అమ్మే నాన్న కొట్టుకీ ఊపొచ్చింది. వంతెన వస్తోందంటే రెండు ఒడ్లమీదా గదులు కట్టేవాళ్ళే.

అయినా ఎన్నికల ముందు నాన్న మార్పు కావాలన్నాడు. మా ఇంటి వసారాలో బావా బామ్మర్దుల వాదన రోజూ ఉండేది.

"పాతవాళ్ళు మేసింది చాలు. కొత్తవాళ్ళని రానీ" అనేవాడు నాన్న.

"మేశారు, కాదన్నానా? కానీ ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. నువ్వు నట్టేట్లో ఉండగానే తగలేద్దామంటున్నావు బావా!"

"నీకు నీ కూలి గొడవ."

"అవును, నా కూలి గొడవే. ఎవడి ఓటు వాడి కడుపులోంచే రావాలి. ఇంకెక్కణ్ణించి వస్తుంది?"

అమ్మ మధ్యలోకి వచ్చి, ఇద్దరికీ టీ గ్లాసులిచ్చి నోళ్ళు మూయించేది.

గెలిచాక నాన్న కొట్టు మీద కొత్త పార్టీ జెండా కట్టాడు. పదిరోజులు తిరక్కుండానే కొత్త మంత్రి టీవీలో కనపడి, పాత ప్రభుత్వం మొదలుపెట్టిన పనులన్నీ సమీక్షిస్తామన్నాడు.

"సమీక్షంటే ఏంటన్నయ్యా?" అని అత్త నాన్నని అడిగింది.

"చూడటం, అంతే. లెక్కలవీ చూస్తారు."

"చూడటానికి పనాపడమెందుకు? కూర ఉడికిందో లేదో మూత తీసి చూస్తాను గానీ, పొయ్యార్పేసి చూస్తానా?"

ముందు కాంక్రీటు కలిపే మిల్లరు వెళ్ళిపోయింది. తర్వాత క్రేను. దాని వెనకాలే వేరే ఊళ్ళనుంచి వచ్చిన పనివాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. గెలిచినవాళ్ళకి మన ఊళ్ళో ఓట్లు తక్కువ పడ్డాయి, అందుకే ఆపేశారని కొందరు. కాదు, పాత కాంట్రాక్టరు ఎవరికో అల్లుడని కొందరు. ఏదైతేనేం, ఏట్లో స్తంభాలు మిగిలాయి. ఒక్కో స్తంభం నెత్తిమీద రాడ్లు, నిద్రలో భయపడి లేచినవాడి జుట్టులా నిక్కబొడుచుకుని.

ఆఖరున వెళ్ళినావిడ ఇంజనీరమ్మ. చిన్న వయసు. జీపెక్కేముందు మామయ్య దగ్గరికొచ్చి, "మేస్త్రిగారూ, ఆ బయటికున్న రాడ్లకి తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించమని రాశాను. పై నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండు వానాకాలాలు ఇలాగే నానితే, రేపు పని మొదలైనా పైభాగమంతా పగలగొట్టాల్సిందే" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి మామయ్య తల దించుకున్నాడట.

ఊరి మీద దెబ్బ మెల్లిగా పడింది. సగం గోడల దగ్గర ఆగిపోయిన గదుల్లో మేకలు పడుకున్నాయి. అత్త షెడ్డు మూసేసి, పడవలో అటుపోయి ఆసుపత్రి వంటింట్లో పనికి కుదిరింది. నాన్న కొట్లో కొనే నాథుడు లేక సిమెంటు బస్తాలు గడ్డకట్టాయి. ఒకరోజు కొట్టు మీద జెండా కనపడలేదు.

"ఏం బావా, ఉతకడానికేశావా?" అన్నాడు మామయ్య.

"వెళ్ళు, వెళ్ళి నీ పని చూసుకో."

"పనుంటే నీ మొహం చూడటానికొస్తానా?"

ఇద్దరూ నవ్వలేదు.

ముఠావాళ్ళు వేరే రాష్ట్రంలో పెద్ద పనుందని మామయ్యని రమ్మన్నారు. వెళ్ళమని అమ్మ కూడా పోరింది. "పోతే పోతానక్కా. కానీ అక్కడ తుప్పుపట్టేది నా చేతి పని. ఎవడో కుర్చీ మారాడని నా చేతి పనెందుకు కుళ్ళిపోవాలి?" అన్నాడు. ఇళ్ళలో చిల్లరమల్లర పనులు చేసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున్నే బక్కెట్టూ బ్రష్షూ పట్టుకుని కొట్టుకొచ్చాడు. "ఒక బస్తా సిమెంటియ్యి బావా. గడ్డకట్టనిది."

సంగతి విని నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "నీ డబ్బు నీళ్ళలో పోస్తానంటావా?"

"నీళ్ళలో కాదు, నీళ్ళకి పైన."

పడవ మాట్లాడుకుని, నిచ్చెన వేసుకుని, మొదటి స్తంభమెక్కాడు. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, సిమెంటు పాలు కలిపి, ఒక్కో రాడ్డుకీ పూశాడు. వారం వారం అదే పని. ఒడ్డున చేరినవాళ్ళు వినోదం చూసేవాళ్ళు. "మేస్త్రి ఇనుముకి పాలు పడుతున్నాడ్రోయ్!" అని ఎవరో అంటే, పైనుంచి జవాబొచ్చేది: "తల్లి వదిలేసి పోయింది, ఎవరో ఒకరు పట్టాలిగా!"

అందరూ నవ్వలేదు. పిచ్చి ముదిరిందన్నవాళ్ళున్నారు. ఓడిన పార్టీ వాళ్ళు డబ్బులిచ్చి చేయిస్తున్నారన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట విన్నరోజు మామయ్య అన్నం తినలేదు. మరుసటి ఆదివారం మాత్రం మామూలుకంటే ముందే పడవెక్కాడు.

వానలు మొదలయ్యే ముందు, పట్టపగలు ఒక లారీ వచ్చి ఇటు ఒడ్డున ఆగింది. గ్యాస్ కట్టరు, నలుగురు మనుషులు, వాళ్ళతో పాత కాంట్రాక్టరు మేనేజరు. ఒడ్డున వంతెన ఆనడానికి కట్టిన గోడలోంచి లేచిన రాడ్లని కొయ్యబోతున్నారని తెలిసి, మామయ్య ఎవరింట్లోనో చేస్తున్న పని వదిలేసి పరిగెత్తాడు. నేనప్పుడు కాలేజీ నుంచి పడవ దిగుతున్నాను, అంతా నా కళ్ళముందే జరిగింది.

మామయ్య నేరుగా వెళ్ళి ఆ రాడ్ల మధ్య కూర్చున్నాడు. పంజరంలో చిలకలా ఉన్నాడని ఇప్పుడు చెప్పుకుని నవ్వుతాం గానీ, అప్పుడు నేను పుస్తకాలు పడవలోనే వదిలేసి పరిగెత్తాను.

"లే మేస్త్రీ. నీకు తెలీందేముంది? మాకు బిల్లులు రాలేదు. ఇనుము మాది, పట్టుకుపోతున్నాం" అన్నాడు మేనేజరు.

"మీకు బిల్లులు రాకపోతే ఇచ్చేవాడి ఇంటిముందు కూర్చోండి, నేనూ వస్తా. నాకూ మీరు ఆఖరి వారం కూలి ఎగ్గొట్టారు. అలాగని నేను కట్టిన స్తంభం పీక్కుపోయానా?"

"మంటకి అడ్డం కూర్చుంటే కాలతావయ్యా!"

"ముట్టించు. చూద్దాం."

కట్టరు పట్టుకున్నవాడు మేనేజరు వైపు చూశాడు. పడవ దిగినవాళ్ళెవరూ ఇళ్ళకి పోలేదు. అదే పడవలో ఆసుపత్రి నుంచి వచ్చిన మా అత్త చేతిసంచీ నాకిచ్చి, వెళ్ళి మామయ్య పక్కన నిలబడింది. అంతలో జనాన్ని తోసుకుంటూ నాన్న వచ్చాడు. కొట్టు తెరిచిపెట్టి వచ్చేసినట్టున్నాడు, చేతిలో తక్కెడ రాయి అలాగే ఉంది. దాన్ని చూసి మేనేజరు రెండడుగులు వెనక్కేశాడు.

"చూడు బాబూ, నేను గెలిచినవాళ్ళకే ఓటేశాను. ఊళ్ళో ఎవర్నైనా అడుగు" అన్నాడు నాన్న రొప్పుతూ. "వంతెన కొయ్యమని మాత్రం వెయ్యలేదు. ముందు నన్ను కొయ్యి, తర్వాత ఇనుము."

పార్టీ మాటెత్తితే జనం రెండు ముక్కలవుతారనుకున్నాడేమో ఆ మేనేజరు, ఆ ఆశ పోయింది. లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది. మామయ్య లేవబోతే చొక్కా రాడ్డుకి తగులుకుని చిరిగింది. "బావా, కొత్త చొక్కా నీ ఖాతాలో" అన్నాడు. నాన్న ఆయన్ని కావిలించుకున్నాడు. మా ఇంట్లో మగాళ్ళు అలా చేయగా నేను చూడటం అదే మొదలు.

వారం తిరక్కుండా పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ప్రభుత్వ కట్టడంలోకి అక్రమంగా చొరబడ్డాడని, ప్రభుత్వ పనికి అడ్డుపడ్డాడని ఫిర్యాదు. మళ్ళీ ఆ ఛాయలకి వెళ్ళనని రాసి సంతకం పెడితే వదిలేస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పనికి అడ్డుపడ్డానా సార్? పనెక్కడ జరుగుతోందో చూపించండి, అడ్డు తప్పుకుంటాను."

"వెటకారాలొద్దు. సంతకం పెట్టి ఇంటికి పో."

"దొంగతనం చేసుంటే పెట్టేవాణ్ణి. తుప్పు గీకినందుకు పెట్టను."

సాయంత్రందాకా బెంచీ మీద కూర్చోబెట్టి, కేసు రాసి పంపించారు. ఆ వారం కూడా మామయ్య స్తంభమెక్కాడు. తేడా ఏంటంటే, కింద పడవలో పాలు కలుపుతున్నది మా నాన్న. సిమెంటు డబ్బులు తీసుకోవడం ఆయన అంతకుముందే మానేశాడు.

ఏడాది దాటాక, ఆ ఎన్నికల్లో గెలిచిన మా ఎమ్మెల్యే ఊరికొచ్చాడు. మార్కెట్టు దగ్గర మీటింగు. "మీ ఊరు మాకు తక్కువ ఓట్లేసింది. అయినా మేమది మనసులో పెట్టుకోం" అన్నాడు మైకులో.

మామయ్య లేచి నిలబడ్డాడు. "మనసులో పెట్టుకోకపోతే, మా వంతెన ఎక్కడ పెట్టుకున్నారు సార్?"

జనం గొల్లున నవ్వారు. ఎవరో ఆయన చెయ్యి పట్టి లాగారు. విదిలించుకున్నాడు. "మా బావ మీకేశాడు, నేను వెయ్యలేదు. ఇవాళ ఇద్దరం ఒకే పడవలో వచ్చాం. వరదొస్తే ఇద్దరం ఒకే గట్టున ఆగిపోతాం. నా మీద కోపమైతే నామీదే చూపించండి. ఆయనేం పాపం చేశాడు? ఆసుపత్రికి పోయే ముసలమ్మలేం పాపం చేశారు?"

నాన్న లేచి, "ఆ బావని నేనే!" అన్నాడు. ఈసారి నవ్వు కాదు, చప్పట్లు. మైకు వెనకున్నాయన మంచినీళ్ళు తాగి, పరిశీలిస్తామన్నాడు.

పరిశీలనకి ఇంకో వానాకాలం పట్టింది. ఒక్క మాటతో కొండలు కదిలాయని చెప్పను. ఊళ్ళోవాళ్ళు విడతలవారీగా రాజధానికి పోయి ఆఫీసు మెట్లమీద కూర్చున్నారు. పేపర్లలో వచ్చింది. చివరికి కొత్త కాంట్రాక్టరు, కొత్త శిలాఫలకం, కొత్త పేరు. ఇంజనీర్లు వచ్చి రాడ్లు పరీక్షించి, పైభాగం పగలగొట్టక్కర్లేదన్నారు. మామయ్యని పనికి పిలిచారు, పాత కూలికంటే తక్కువకి. "నాకు తుప్పు పట్టలేదు, రేటు తగ్గించడానికి" అని ఇంటికొచ్చేశాడు. రెండురోజులాగి వాళ్ళే పూర్తి కూలితో కబురంపారు.

కానీ ఖర్చు తగ్గించాలని వంతెన వెడల్పు కుదించారు. నడిచేవాళ్ళకోసం అంచున వేయాల్సిన దారి ఎత్తేశారు. ఇటు ఒడ్డున కార్లున్నవాళ్ళెందరు? అందరూ నడిచేవాళ్ళే. ఆ సంగతి తెలిసిన రోజు మామయ్య పనిలోనే గొడవపడ్డాడు. ఉపయోగం లేకపోయింది. వంతెన ప్రారంభమైంది. ఆ సభకి పిలిచినా వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్న తన ముఠాని, అత్తని, మా అమ్మానాన్నల్ని వెంటేసుకుని వంతెన మీదికి నడిచాడు. అంచునుంచి కాదు, నడిమధ్యలో. వెనక లారీలు, కార్లు బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. ఒక కారాయన తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, చావాలనుందా?" అని అరిచాడు.

"చావాలనుంటే ఏట్లో దూకేవాణ్ణి. నడవాలనుంది!" అన్నాడు మామయ్య, వెనక్కి తిరగకుండానే.

ఇప్పటికీ ఆదివారాలు అలాగే నడుస్తున్నారు. మొదట పదిమంది, ఇప్పుడు పడవ మానేసినవాళ్ళంతా. నడకదారి ఇంకా రాలేదు. పాత కేసు కొట్టేయలేదు, ట్రాఫిక్‌కి అడ్డమొస్తున్నారని ఇంకో కేసు పడింది. అందులో మా నాన్న పేరు కూడా ఉంది. ఆయన దాన్ని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ గర్వంగా చెప్పుకుంటున్నాడు.