ఏలీయా పెట్టె శ్రుతి

మా సంగీత పాఠశాల దరఖాస్తులో ఒక గడి ఉంది. ‘సంగీతం ఎందుకు నేర్చుకోదలిచారు?’ అని. ఏలూరు పవర్‌పేటలో ఇరవై ఆరేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఆ గడి చూస్తే నాకు ఒళ్లు మంట. అందరూ ఒకటే రాస్తారు. సంగీతం నా ప్రాణం, సంగీతం నా ఊపిరి. నెల తిరిగేసరికి సగం మంది ప్రాణాన్నీ ఊపిరినీ ఇక్కడే వదిలేసి కంప్యూటర్ క్లాసుకి పోతారు.

సలోమి మాత్రం అందులో ఇలా రాసింది: ‘ఒక మనిషి నోటితో ఒక మాట చెప్పించడానికి.’

కళ్లజోడు పైకి తోసుకుని చూశాను. పదహారేళ్ల పిల్ల. ఇంటర్ మొదటి సంవత్సరం, ఏలూరులోనే హాస్టల్లో ఉంటోంది. ఊరు కొల్లేటి లంకల్లో.

“ఏ మనిషి? ఏ మాట?” అన్నాను.

“హేమంత్‌కుమార్ గారండి. తాడేపల్లిగూడెంలో కీబోర్డు క్లాసులు చెబుతారు. మా నాన్న శ్రుతి తప్పలేదని ఆయన మా చర్చిలో, మైకులో చెప్పాలండి.”

“చెబితే నీకేం వస్తుంది?”

“ఏం రాదండి. చెబుతున్నప్పుడు ఆయన మొహం నేను చూడాలంతే.”

సంగీతం పగలు తీర్చుకోవడానికి కాదమ్మా అనడం టీచరుగా నా బాధ్యత. అనలేదు. పగ ఉన్నవాళ్లు క్లాసు ఎగ్గొట్టరని నాకు తెలుసు. సంతకం పెట్టేసి, ఆ తర్వాత కూర్చోబెట్టి కథంతా చెప్పించుకున్నాను.

సలోమి నాన్న పేరు ఏలీయా. పగలంతా చేపల చెరువుల మీద మేత వేసే పని. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ల ఊరి చర్చిలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ముందున్న ముసలాయన వాయిస్తుంటే చూసి పట్టుకున్నాడు. పెట్టెకి రిపేరొస్తే తనే విప్పేవాడు. లోపల గాలికి మోగే ఇత్తడి రీడ్లను చిన్న ఆకురాయితో గీసి శ్రుతి చేసుకునేవాడు. చుట్టుపక్కల లంకల చర్చిల పెట్టెలు కూడా ఆయన దగ్గరికే పడవ మీద వచ్చేవట.

సలోమికి పదేళ్లప్పుడు ఆ చర్చి ప్రతిష్ఠ పండుగకి హేమంత్‌కుమార్ కీబోర్డు పట్టుకొచ్చాడు. సంఘపెద్ద ఏసోబు గారి కొత్త అల్లుడు. కీబోర్డు, స్పీకర్లు, మెరిసే కోటు. ఏలీయా ఎప్పటిలాగే ముందు పెట్టె మీద ఒక్కడే ప్రార్థన పాట వాయించాడు. బాగానే ఉంది. రెండో పాటకి కీబోర్డు కలిసింది. కలవగానే చెవులు గిల్లినట్టయింది అందరికీ. రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి గాని ఒకటి కాదు. తేడా అరస్వరమైతే ఏలీయా పక్క మెట్టు నొక్కి సర్దుకునేవాడు. ఇది అరస్వరంలో మూడో వంతు. దానికి పెట్టె మీద మెట్టు ఉండదు.

అప్పుడు హేమంత్‌కుమార్ మైకు అందుకుని నవ్వుతూ అన్నాడు: “ఏలీయా అంకుల్ గారూ, వయసైపోయింది మీ పెట్టెకా అండీ, మీ చెవికా?”

జనం నవ్వారు. తల్లి పక్కన కూర్చున్న సలోమి కూడా నవ్వింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆ పిల్ల తల దించుకుంది.

ఏసోబు గారి అబ్బాయి ఆ పండుగంతా ఫోన్లో తీసి యూట్యూబులో పెట్టాడు. ఏలీయా ఆ వీడియో అడిగి తెచ్చుకున్నాడు. అందులోని కీబోర్డు స్వరం వింటూ, వారం రోజులు చెరువు నుంచి రాగానే స్నానమైనా చెయ్యకుండా పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. ముప్పై తొమ్మిది మెట్లు, రెండేసి రీడ్లు. ఒక్కొక్కటీ కొసన గీసి, ఊది, విని, మళ్లీ గీసి, డెబ్బై ఎనిమిదింటినీ ఆ కీబోర్డు ఎత్తుకి తెచ్చాడు. గీసిన ఇత్తడి తిరిగి రాదు. అది ఆయనకి నాకంటే బాగా తెలుసు.

మళ్లీ ఆదివారం వచ్చింది, ఏసోబు గారి అబ్బాయి మళ్లీ ఫోన్లో తీస్తున్నాడు. హేమంత్‌కుమార్ మళ్లీ కీబోర్డు పెట్టాడు. ఏలీయా ధీమాగా మొదలెట్టాడు. మళ్లీ కలవలేదు. ఈసారి ఇంకోవైపు తేడా. పాట సగంలో ఏసోబు గారు లేచొచ్చి పెట్టె మూత దించేశారు. “ఇంటికి పట్టుకుపోవయ్యా,” అన్నారు. ఏలీయా పట్టుకుపోయి అటక మీద పెట్టాడు. ఆ రోజు నుంచి చర్చిలో ఆఖరి వరస, తలుపు పక్కన. పాడడం కూడా మానేశాడు. ఎవరైనా పెట్టె రిపేరుకి తెస్తే, “నాకు చెవి పోయిందండి,” అని వెనక్కి పంపేసేవాడు.

అసలేం జరిగిందో సలోమికి ఇంటర్‌లో చేరాక తెలిసింది. స్నేహితురాలు రమ్య ఇంట్లో కీబోర్డు ఉంది. రమ్య వాళ్లన్న దాని తెర మీద 440 అనే అంకె చూపించి, ఇది మారిస్తే మొత్తం శ్రుతి కొద్దికొద్దిగా పైకీ కిందికీ జరుగుతుందన్నాడు. సలోమి ఆ పూట అన్నం తినలేదు. పాత వీడియోలు వెతికి, ఫోన్లో శ్రుతి కొలిచే యాప్‌తో చూసింది. పండుగ రోజు నాన్న పెట్టె 440. కీబోర్డు 448. తర్వాతి ఆదివారం కీబోర్డు 440. నాన్న పెట్టె 448.

అంటే మొదటి రోజు తప్పు కీబోర్డుది. ఏలీయా దాన్ని నమ్మి, బాగున్న పెట్టెని చేతులారా మార్చుకున్నాడు.

సలోమి రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్లింది. హేమంత్‌కుమార్‌కి ఫోను చూపించింది. ఆయన పిల్లల ముందే నవ్వాడట. “నువ్వేం చదువుకున్నావమ్మా సంగీతం? ఫోను చూసి చెప్పేస్తే నేనూ డాక్టర్నే. వెళ్లు, బుద్ధిగా చదువుకో.” తిరుగు రైలు భీమడోలు దాటేలోపే ఆ పిల్ల నిర్ణయించుకుంది. ఆ వారమే మా దరఖాస్తు నింపింది.

నేను నమ్మలేదు, యాప్‌లంటే నాకూ నమ్మకం లేదు. “పెట్టె తీసుకురా,” అన్నాను. ఆ శనివారం ఊరెళ్లి, దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చింది. తంబుర పెట్టుకుని ఒక్కొక్క మెట్టూ నొక్కి విన్నాను. రెండు గంటలు పట్టింది. అడుగు నుంచి పైదాకా ప్రతి మెట్టూ సరిగ్గా అంతే హెచ్చు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఫోన్లో పాట వింటూ, ఆకురాయితో, చేపల మేత వేసే చేతులతో చేసిన పని అది. చెవి లేని మనిషి చెయ్యగలడా? నా దగ్గర డిప్లొమా చేసినవాళ్లలో ఒక్కడు చెయ్యగలడా? నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది. ఆ రోజు నుంచి ఆ పగ నాది కూడా అయిపోయింది.

సలోమి నాలుగేళ్లు సాధకం చేసింది. జ్వరమొచ్చినా వచ్చింది, తమ్మిలేరు పొంగి రోడ్లు మునిగిన రోజూ వచ్చింది. ఇంటర్ అయ్యి డిగ్రీలో చేరింది. సర్టిఫికెట్ పరీక్షలో డిస్టింక్షన్ తెచ్చుకుంది. పేపర్లో చిన్న ఫొటో పడింది. దాంతో వాళ్ల ఊరి చర్చివాళ్లే ప్రతిష్ఠ పండుగకి పాడమని పిలిచారు. ఎప్పటిలాగే కీబోర్డు హేమంత్‌కుమార్‌దే. నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను?

సలోమి ఒక పాట పాడింది. జనం చప్పట్లు ఆగాక మైకు దింపలేదు. “పదేళ్ల కిందట ఇక్కడే మా నాన్న చెవి పోయిందని నవ్వామండి. నేనూ నవ్వాను. ఒక్క ఐదు నిమిషాలు వినండి,” అంది. రెండు వీడియోలూ స్పీకర్లో వినిపించింది. మధ్యలో ఆపి, ఇది పెట్టె, ఇది కీబోర్డు అని స్వరం పాడి చూపించింది. ఆఖరి వరసలో ఏలీయా నేల చూపులు చూస్తున్నాడు. తర్వాత ఆ పిల్ల మైకు తీసుకెళ్లి హేమంత్‌కుమార్ ముందు పెట్టింది.

“నేను సంగీతం చదువుకున్నానండి ఇప్పుడు. చెప్పండి, ఆ రోజు ఎవరిది తప్పు?”

ఆయన మామగారి వైపు చూశాడు. ఏసోబు గారు చూపు తిప్పుకున్నారు. “కీబోర్డుదేనండి,” అన్నాడు చివరికి. “ముందు రోజు గూడెంలో పెళ్లికి వాయించాను. సన్నాయివాళ్లతో కలవడానికి పెంచాను, తగ్గించడం మర్చిపోయాను. మర్నాడే చూసుకుని సరిచేసేశానండి. చిన్న విషయం కదా అని...”

మర్నాడే! ఏలీయా ఆకురాయి పట్టుకున్నది మర్నాడే. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఒక్క రీడు కూడా గీసేవాడు కాదు. హేమంత్‌కుమార్ మెడ మీదికి చెమట కారుతుంటే నేను తృప్తిగా చూశాను. పక్కింటి పూజల్లో పుణ్యం గురించి చెప్పే మనిషిని నేను, ఆ తృప్తి దాచుకోను. ఆ నెలలో ఆయన క్లాసులు ముగ్గురు పిల్లలు మానేశారని విని ఆ పూట పాయసం చేసుకున్నాను.

ఏసోబు గారు ఆఖరి వరస దాకా నడిచెళ్లి ఏలీయా చెయ్యి పట్టుకున్నారు. “తప్పయిపోయిందయ్యా. పెట్టె తెచ్చుకో, వచ్చే ఆదివారం నుంచి నువ్వే వాయించాలి,” అన్నారు.

ఏలీయా చెయ్యి మెల్లిగా విడిపించుకున్నాడు. “వద్దులెండి. నాకు చెవి లేదండి.”

బయటికొచ్చాక సలోమి ఉండబట్టలేక నిలదీసింది. “అందరి ముందూ ఒప్పుకున్నాడుగా నాన్నా! ఇంకా ఏంటి?”

“ఆయన ఒప్పుకున్నాడమ్మా,” అన్నాడు ఏలీయా. “కానీ నా చెవి బాగుంటే, బాగున్న పెట్టెని నేనెందుకు గీసుకుంటాను?”

నాలుగేళ్లు కష్టపడి కొట్టిన దెబ్బ, తగలాల్సినవాడికి తగిలి ఊరుకోక, ఏలీయాకి కూడా తగిలింది.

జూన్‌లో డిప్లొమాకి సలోమికి కొత్త దరఖాస్తు ఇచ్చాను. అదే గడి. ఈసారి ఇలా రాసింది: ‘ఇంకో మనిషి నోటితో అదే మాట చెప్పించడానికి.’

ఆ పిల్ల గాంధారం దసరా నుంచి పాడైంది. ఎంత దిద్దినా కిందికి జారుతోంది. డిస్టింక్షన్ తెచ్చుకున్న పిల్ల! సంక్రాంతి సెలవులయ్యాక కూడా అలాగే పాడితే పుస్తకం బల్ల మీద విసిరికొట్టాను.

“కావాలనే పాడుతున్నానండి,” అంది అప్పుడు. “ఇంటికెళ్లినప్పుడల్లా నాన్న ముందు గాంధారం తగ్గించి పాడుతున్నాను. సరిగ్గా అరస్వరంలో ఆ మూడో వంతే. యాప్ పెట్టుకుని అలవాటు చేసుకున్నాను. దిద్దుతాడేమోనని. నాలుగు నెలలైందండి, దిద్దట్లేదు.”

“నీ గొంతు పాడైపోతుందే!”

“పాడవనివ్వండి. ఆయన పెట్టె పాడైంది, నా గాంధారం ఎంత?”

నాన్న మీదే పగబట్టిన పిల్లకి ఏం చెబుతాను? వేసవి సెలవులొచ్చాయి, హాస్టల్ మూసేశారు. ఇంటి నుంచి ఫోన్లో పాఠం చెప్పించుకుంటానంది. సరేనన్నాను.

మే నెలలో ఒక సాయంత్రం. ఫోన్లో తంబుర యాప్ వెనకాల చెరువుల మీద నీళ్లు చిలికే ఏరేటర్ల రొద వినిపిస్తోంది. సలోమి అందుకుంది. సా, రీ దాటి గాంధారం మీద నిలిచింది. మళ్లీ అదే తప్పు. తిట్టడానికి నోరు తెరిచాను.

“తగ్గిందమ్మా.”

నేనన్నది కాదు. మగ గొంతు, కాస్త దూరం నుంచి. ఇరవై ఆరేళ్ల అనుభవం నాది, నాకంటే ముందే పట్టుకున్నాడు.

తంబుర మోగుతూనే ఉంది. “ఏంటి నాన్నా?” అంది సలోమి.

“గాంధారం తగ్గింది. కొంచెం పైకి తియ్యి.”

ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. పదేళ్ల కోపం ఒక్కసారి బయటికొచ్చింది. “నీకెలా తెలిసింది? నీకు చెవి లేదుగా! నువ్వే చెప్పావుగా, ఊరంతా చెప్పావుగా! చెప్పు, ఎలా తెలిసింది?” ఏడుస్తూ అరుస్తోంది.

ఏలీయా ఫోను దగ్గరికి నడిచొచ్చిన చప్పుడు వినిపించింది.

“వినపడిందమ్మా,” అన్నాడు.

“ఎంత తగ్గింది?”

“పక్క మెట్టంత లేదు. ఆ రోజు మన పెట్టెకీ ఆ కీబోర్డుకీ తేడా ఎంత ఉందో, అంత.”

నేను ఫోన్ పెట్టేశాను. ఆ రోజుకి ఆ పిల్లకి చెప్పవలసిన పాఠం నా దగ్గర లేదు.