కార్బురేటరులో జీలుగు బెండు

కార్బురేటరు పోయిన మోటారుసైకిలంత పనికిమాలిన వస్తువు మరొకటి లేదు. సైకిలైతే తొక్కుకుంటూ పోవచ్చు. ఎద్దు మొరాయిస్తే తిట్టుకోవచ్చు. దీన్ని మాత్రం ఎండలో తోసుకుంటూ పోవాలి, చూసేవాళ్ళు నవ్వుతుంటే మనమూ నవ్వాలి.

యాభైల్లో ఏలూరు కాలవ గట్టున నాకొక లేత్ షెడ్డు ఉండేది. అప్పట్లో మా వైపు కనిపించే మోటారుసైకిళ్ళలో చాలామటుకు రెండో ప్రపంచయుద్ధం వదిలేసి పోయినవే. తాడేపల్లిగూడెం విమానాల మైదానం దగ్గర మిలిటరీ సామాను వేలం వేస్తే సరదా పడి కొనుక్కున్నవాళ్ళు, ఆ సరదా తీరాక నా షెడ్డుకి వచ్చేవాళ్ళు. నాకు పనితనం ఉండేది. దానికి మించిన పొగరూ ఉండేది. చెయ్యలేనని చెప్పడం నామోషీ అనుకునేవాణ్ణి.

ఒక మాఘమాసంలో కైకలూరు నుంచి ఒక డాక్టరుగారు బస్సులో వచ్చారు. కట్లు కట్టే గుడ్డలో చుట్టి తెచ్చిన పొట్లం విప్పితే అందులో నిలువునా చిట్లిన కార్బురేటరు ఉంది. కొల్లేటి ఒడ్డు పల్లెలకి ఆయనొక్కరే దిక్కు. గట్ల మీద మోటారుసైకిలు వేసుకుంటే గంటలో చేరే ఊరికి నడిచి వెళితే ఒక పూట పట్టేది.

"ఎలాగైనా నడిపించాలండి. నేను నడిచి వెళ్ళేసరికి ఒక్కోసారి నాతో పని ఉండటం లేదు," అన్నారు. గొంతు పెంచకుండా అన్నారు కాబట్టే ఆ మాట నాకు గుచ్చుకుంది.

అలాంటిది ఇంకొకటి దొరుకుతుందేమోనని కాళ్ళరిగేలా తిరిగాను. తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొట్లన్నీ గాలించాను. బెజవాడలో లేదన్నారు. మద్రాసుకి ఉత్తరం రాస్తే ఇంగ్లండు సీమ నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమని జవాబు వచ్చింది. ఇక కొత్తది మనమే పోత పోసుకుందామని మా వీధి చివర ఉండే కంచరి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దీపపు సెమ్మెలు, గంటలు పోసేవాడు. పొట్లంలోని ముక్కల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"దీంట్లో ఇన్ని దార్లెందుకండీ?"

గాలికొకటి, పెట్రోలుకొకటి అని చెప్పాను. ఆయన మైనంతో అచ్చు దిద్ది, పైన మట్టి పూసి, మైనం కరగబెట్టి, ఇత్తడి పోశాడు. రెండుసార్లు బుడగలొచ్చి పాడైంది, మూడోది నిలిచింది. దాన్ని నేను లేత్ మీద చెక్కాను. పెట్రోలు వచ్చే సన్న బెజ్జం కోసం కుట్టుసూదిని సానబట్టి తొలిచే బరమాగా చేసుకున్నాను. ఆ బెజ్జం దగ్గరే నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి తేలుడు బిళ్ళ ఒక్కటే మిగిలింది. కార్బురేటరు పక్కన చిన్న గిన్నె ఉంటుంది. అందులోకి పెట్రోలు చేరేకొద్దీ బిళ్ళ పైకి తేలి దారి మూస్తుంది. అది తేలకపోతే పెట్రోలు పొంగి ఇంజను ఆగిపోతుంది. పాత బిళ్ళ బోలు ఇత్తడిది, నుజ్జయిపోయింది. కొత్తగా అతికిన రెండూ బరువెక్కి మునిగాయి.

"రేకు ఇంకా పల్చగా సాగ్గొట్టాలండి. మూడు వారాలు ఆగండి, చేసిపెడతాను," అన్నాడు కంచరి పెద్దాయన.

నేను ఆగలేదు. కొల్లేటి నుంచి చేపల తట్టతో, భుజాన వలతో వచ్చే ఒక పెద్దాయన రోజూ నా షెడ్డు అరుగు మీద కాసేపు కూర్చునేవాడు. ఆయన వల అంచున వరసగా జీలుగు బెండ్లు కట్టి ఉండటం చూశాను. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానినా మునగని వస్తువు కళ్ళముందే ఉండగా ఇత్తడి దేనికి అనిపించింది. అడిగితే మర్నాడే మంచి బెండొకటి తెచ్చి ఇచ్చాడు. బిళ్ళలా కోసి, లక్క పూసి, గ్లాసు నీళ్ళలో వేశాను. మూడు రోజులు తేలింది. నీళ్ళలో. పెట్రోల్లో వేసి చూడాలని నాకు తట్టలేదు. కొల్లేటి పక్కన పుట్టి పెరిగిన నాకు తేలడమంటే నీళ్ళ మీద తేలడమే.

కైకలూరు తీసుకెళ్ళి బిగిస్తే బండి మొదటి కిక్కుకే అందుకుంది. డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తన బెండు డాక్టరుగారి బండిలో ఉందని చేపల పెద్దాయన ఊరంతా చెప్పుకున్నాడు. కంచరి పెద్దాయన మాత్రం, "తొందరపడ్డారండీ," అని తన పని చూసుకున్నాడు. ముసలాయనకి కుళ్ళు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలు బాగా నడిచింది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం చేపల పెద్దాయన కూతురికి నొప్పులు ఎక్కువయ్యాయి. తొలికాన్పు, పురిటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేస్తే కైకలూరికి మనిషిని పంపారు. డాక్టరుగారు వెంటనే బయల్దేరారు. సగం దారిలో బండి పెట్రోలు కక్కి ఆగిపోయింది. ఎంత కిక్కు కొట్టినా అందుకోలేదు. గట్టు మీదే వదిలేసి, పెట్టె పట్టుకుని ఎండలో పరుగులాంటి నడకన వెళ్ళారు.

బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు.

కబురు తెలిసిన మూడో రోజు కైకలూరు వెళ్ళాను. బండి గిన్నె నా చేత్తోనే విప్పాను. ఇంజను వేడికి లక్క పగిలి ఉంది. బెండు పెట్రోలు పీల్చుకుని, ఉబ్బి, గిన్నె అడుగున పడి ఉంది. వేళ్ళతో నొక్కితే పెట్రోలు కారింది. డాక్టరుగారు పక్కనే నిలబడి చూశారు.

"సమయానికి వెళ్ళినా బతికించేవాణ్ణని చెప్పలేనండి," అన్నారు. నా మీద దయతో అన్నారో, నిజమే అన్నారో నాకు ఈనాటికీ తెలియదు. తిట్టి ఉంటే బాగుండేది.

కంచరి పెద్దాయన రేకు సాగ్గొట్టి బోలు బిళ్ళ చేశాడు. సరిగ్గా మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఇద్దరం కలిసి చాలా కార్బురేటర్లు పోశాం. ఉండి, భీమవరం లాంటి ఊళ్ళ నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ప్రతి బిళ్ళనీ వారం రోజులు పెట్రోల్లో ఉంచి చూసేవాణ్ణి. ఆ వారం నాకు అన్నం సయించేది కాదు.

కార్తీకంలో చేపల పెద్దాయన మళ్ళీ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. భుజాన గోనెసంచి ఉంది. అరుగు మీద దించి మూతి విప్పాడు. నిండా జీలుగు బెండ్లు, తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఏరినవి.

"మీరు మిషన్లు చాలా చేస్తున్నారంట కదండీ. కావాల్సొస్తాయని తెచ్చానండి."

ఆ రోజు బండి ఆగిందని ఆయనకి తెలుసు. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన, మనవడికి పాలపళ్ళు వస్తున్నాయని చెప్పి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, మెల్లగా అడిగాడు.

"మొన్న నేనిచ్చిన బెండు బాగా తేలిందాండీ?"

"తేలిందండి," అన్నాను.