హెడ్డింగులో చిరుత

సోలార్ పార్కులో చిరుత తిరుగుతోందన్న పుకారు అబద్ధమని నిన్న మా వెబ్‌సైటుకు వార్త రాశాను. డెస్కువాళ్లు దానికి "బలసముద్రం సోలార్ పార్కులో చిరుత?" అని హెడ్డింగు పెట్టారు. ఈ రోజు ఆ ఊరికి వెళ్తే, రోజూ ప్యానెళ్ల కింద మేసే మారెన్న గొర్రెలన్నీ దొడ్డిలోనే ఆకలితో అరుస్తున్నాయి.

"చిరుత లేదని లోపల రాసినా కదన్నా, చదవలేదా?" అన్నాను.

"లోపలికి యాడ పోతామప్పా? పైన చూసి అందరికీ పంపించినాము. నీ పేరుండాది కదా, నువ్వు అబద్ధం రాస్తావా?" అన్నాడు మారెన్న.

నా మీద అంత నమ్మకం మా ఇంట్లో కూడా లేదు. చివరికి గొర్రెల ముందు నేనే నడిచి మేతకు తీసుకెళ్లాను. ఇక్కడిదాకా చదివినవాళ్లుంటే ఒక మాట రాయండి. అలాంటి మనుషులు ఇంకా ఉన్నారని మారెన్నకు చూపించాలి.