మైకు పట్టేసిన ఉపవాసం

1972లో మద్రాసు కోడంబాక్కంలోని ఒక సినిమా స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో రెండో సహాయకుడిగా చేరాను. ఇంజనీరుగారు బయట సౌండు వ్యానులో కూర్చుని హెడ్‌ఫోన్లలో వింటారు. సెట్టులో మైకు పట్టుకునేది నేను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి సెలవడిగితే, దేవుడు దిగొచ్చినా హీరోగారి కాల్‌షీటు మారదన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. ఆరాధనకు ఎలాగూ వెళ్లలేను, కనీసం సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని ప్రభువుకు మాటిచ్చాను. తీరా సెట్టుకి వెళ్తే ఆనాటి సన్నివేశం పెళ్లిభోజనం. సాతాను కూడా కాల్‌షీట్లు చూసుకుని పని చేస్తాడని అప్పుడే తెలిసింది.

హీరో, మామగారు పక్కపక్కన కూర్చుని గారెలు తింటూ మాట్లాడుకోవాలి. పైనుంచి మైకు వేలాడదీస్తే నీడ పడుతోందని, నన్ను సాంబారు గంగాళం వెనక ముడుచుకుని కూర్చోమన్నారు. మైకు నా పొట్టకు జానెడు దూరంలో ఉంది. చెడిపోయిన టేకుని ఎన్.జి. అంటాం. ఎన్.జి. అయినప్పుడల్లా కొత్త వాయి వచ్చేది, మిగిలిన గారెలు యూనిట్‌కి పంచేవారు. మూడుసార్లు నా దాకా వచ్చాయి. మూడుసార్లూ వద్దన్నాను. శోధన గెలిచానని లోలోపల కాస్త పొంగిపోయాను కూడా.

నాలుగో టేకులో ఇంజనీరుగారు వ్యానులోంచి పరుగెత్తుకొచ్చి, ఏదో గుర్రుమంటోందన్నారు. ఐదో టేకులోనూ గుర్రుమంది. కెమెరా మోటారు చప్పుడు బయటికి రాకుండా దానికో తొడుగు వేస్తారు. అది సరిగ్గా బిగించలేదంటూ దర్శకుడు కెమెరా సహాయకుడు మునుస్వామి మీద పడ్డాడు. ఇంకోసారి చప్పుడొస్తే మూటాముల్లె సర్దుకోమన్నాడు.

"సత్తెంగా బిగించినాను సార్. ఈడ చూడండి, వేలు కూడా దూరదు," అన్నాడు మునుస్వామి. ముగ్గురు పిల్లల తండ్రి.

ఆ గుర్రు ఎక్కడిదో నాకొక్కడికే తెలుసు. చెబితే నా ఉద్యోగం పోతుంది, ఊరుకుంటే అతనిది పోతుంది. గారెల ముందు నోరు మూసుకోవడం తేలికే అయింది. ఇప్పుడు విప్పడానికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది.

లేచి, "అది నా కడుపండీ," అన్నాను.

సెట్టంతా గొల్లున నవ్వింది, దర్శకుడు తప్ప. నాలుగు గారెలు తిని కూర్చో, లేదా గేటు దారి పట్టు అన్నాడాయన. సాయంత్రం దాకా తినలేనని, మైకు ఇంకెవరికైనా ఇమ్మని చేతులు కట్టుకుని చెప్పాను. మేనేజరు విసుక్కుంటూ వచ్చాడు.

"ఇట్టా తేవయ్యా. మైకు పట్టేదానికి కూడా బైబిలు సదవాల్నా?" అని నా చేతిలోది లాక్కుని గంగాళం వెనక తనే కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఎన్.జి. గారెల్లో సగం ఆయన పొట్టలోకే వెళ్లాయి.

ఆరో టేకు. మీ అమ్మాయిని కళ్లల్లో పెట్టుకు చూసుకుంటాను మామయ్యా అన్నాడు హీరో, కళ్లు తుడుచుకుంటూ. జవాబుగా గంగాళం వెనకనుంచి బ్రేవ్‌మని త్రేన్పు వచ్చింది.

దర్శకుడు కాసేపు నెత్తి పట్టుకుని, దీనికన్నా ఆ ఖాళీ కడుపే నయమన్నాడు. ఇంజనీరుగారు నా పొట్టకు రెండు దుప్పట్లు చుట్టమన్నారు. మునుస్వామి ముడి వేస్తూ, "ఈ మోటారుకి కూడా నేనే తొడుగు బిగించాల్నా అన్నా?" అన్నాడు. ఏడో టేకు ఓకే అయింది. నా ఉద్యోగం, మునుస్వామి ఉద్యోగం రెండూ నిలిచాయి.

తర్వాత నేనే వ్యానులో కూర్చునే ఇంజనీరునయ్యాను. అక్కర్లేని చప్పుడు వినిపిస్తే, ఒకరి తొడుగు తనిఖీ చేసేముందు అది నా దగ్గరిదేమో చూసుకునేవాణ్ణి. చాలాసార్లు అక్కడే దొరికేది.