నాలుగు వరుసల్లో ఒకే బొట్టు

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. తిరుపతిలో నాకు పరిశోధన నేర్పిన మనిషి. ఏడుస్తూ కూర్చున్నదాన్ని, ఆవిడ మైదా జిగురు గిన్నె గుర్తొచ్చి ఒక్కసారిగా నవ్వేశాను.

తొంభైల చివర్లో మా ల్యాబులో కంప్యూటర్ లేదు. ప్రొటీన్లను పోల్చాలంటే ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరంగా రాసిన వరుసలు ప్రింటు తీసి, పట్టీలుగా కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో అతికించేవాళ్ళం. అతికించే పని మేడమ్‌దే, ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. మనిషి, కోడి, కప్ప, చేప పట్టీలను ఒకదాని కింద ఒకటి పరిచి, నాలుగింట్లోనూ మారని అక్షరాలు కనబడితే హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టుబిళ్ళలు తీసి వాటి మీద పెట్టేవారు.

మాది ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రొటీను. ఆ పట్టుకునే భాగం వెన్నెముక ఉన్న జీవులన్నింట్లో ఒకేలా ఉంటుందని మేడమ్ నమ్మకం. చేప వరుస ఒక్కటే నేను ల్యాబులో తేల్చి టైపు కొట్టించింది. అది కలిస్తేనే నా థీసిస్ నిలిచేది. “ఈ ఏడు తేలకపోతే వచ్చేయ్ మా, బీఈడీలో చేరుదువు” అని చిత్తూరు నుంచి నాయన అప్పటికే చెప్పి ఉన్నాడు.

కలవలేదు! సగందాకా చక్కగా వచ్చి, సరిగ్గా ఆ భాగం మొదలయ్యే చోట చేప దారి తప్పింది. మేడమ్ పట్టీని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు.

“ఒసే పాపా, నా మైదానే మింగేసిండాది! ఈడ సూడు, అతుకు కింద ఒక అక్షరం పడుకోనుండాది!”

అతుకు తడిపి విడదీసి, ఆ అక్షరం బయటికొచ్చేలా మళ్ళీ అతికించారు. చేప వరుస ఒక్క గడి జరిగింది. అంతే! బొట్టు కింద బొట్టు, బొట్టు కింద బొట్టు, ప్యాకెట్ అయిపోయేదాకా! ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం.

“ఈత మానినా, ఎగరడం నేర్సినా, పట్టుకునే సెయ్యి మాత్రం మారలే పాపా” అన్నారు మేడమ్. ఆ సాయంత్రమే నాయనకు ఆవిడే ఫోన్ చేశారు. “అన్నా, మీ పాప ఇప్పుడు యాడికీ రాదు. ఈడ శానా పనుండాది.”

ఈరోజు నేను పిల్లలకు పాఠం చెబుతున్నానంటే ఆ ఫోన్ చలవే.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ గదిలో అద్దం మీద, మన ఆడవాళ్ళం అందరం పెట్టినట్టే, తీసి అంటించిన బొట్టుబిళ్ళలు ఉన్నాయి. మా ఇంట్లోలా చెల్లాచెదురుగా కాదు. ఒకదాని కింద ఒకటి, గీత గీసినట్టు నాలుగు. పైనుంచి వేలు పెట్టి చదివాను: మనిషి, కోడి, కప్ప, చేప.