దయ్యం సినిమాను ఆడించిన వెల్డర్

1983లో నేను కువైట్‌లోని సాల్మియాలో ఒక సినిమా హాల్లో బుకింగ్ క్లర్కుని. అప్పటికే ఇంటింటికీ వీడియో వచ్చేసింది. కొత్త హిందీ సినిమా మా దాకా రాకముందే క్యాసెట్టు దుకాణంలో దొరికేది. కుటుంబాలు హాలుకు రావడం మానేశాయి. మిగిలింది శుక్రవారం సెలవుకు వచ్చే కార్మికులే.

మా మేనేజరు ఈజిప్టు మనిషి, మెత్తనివాడు. ఒకరోజు నన్ను పిలిచి, "ఈ వారం దయ్యం సినిమా వేస్తున్నాం. ఇదీ ఆడకపోతే మ్యాట్నీ ఖలాస్. అప్పుడు కౌంటర్లో ఒక్కడు చాలు" అన్నాడు. మా ఇద్దరు క్లర్కుల్లో తర్వాత చేరింది నేనే. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా పోతుంది.

ఓపెనింగ్స్, అంటే తొలి ఆటల వసూళ్ళు, చప్పగా ఉన్నాయి. శుక్రవారం మ్యాట్నీకి షుఐబా రిఫైనరీ క్యాంపు నుంచి సత్యం అనే వెల్డర్ ఒంటరిగా వచ్చాడు. రాజోలు వాడు, గుమ్మం నిండా ఉండే మనిషి. ఇంటర్వెల్ కాకముందే బయటికొచ్చి నా కౌంటర్ పక్కన నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"ఏమైందండీ?"

"ఆయ్, ఏం లేదండి మాస్టారూ. లోపల ఏసీ ఎక్కువైందండి."

"మరి ఆ చెమటలేమిటి?"

"తాడు కట్టుకుని ట్యాంకు నెత్తి మీద వెల్డింగు చేస్తానండి, ఎప్పుడూ బెదరలేదు. ఆవిడ జుట్టు విరబోసుకుని అద్దంలో కనపడేసరికి నా వల్ల కాలేదండి. ఆ తర్వాత ఏమవుద్దో చూడాలనే ఉంది. మీరొచ్చి పక్కన కూకోండి. మీ టిక్కెట్టు నేనే కొంటాను."

వాల్‌పోస్టర్ ముందు నిలబడి, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేని జనం అక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఓ నెల్లూరాయన ఈ మాటలు పక్కవాళ్ళకి హిందీలో చెప్పాడు. అందరూ సత్యాన్ని ఎగాదిగా చూశారు. అంత మనిషి భయపడ్డాడంటే లోపల ఏదో ఉందనుకున్నారు. తర్వాతి ఆటకు వరుస కట్టేశారు. నేను కౌంటర్ తోటి క్లర్కుకి అప్పగించి సత్యంతో లోపలికి వెళ్ళాను. సినిమా అయ్యేదాకా నా మణికట్టు వదల్లేదు. బయటికొచ్చేసరికి హౌస్ ఫుల్ బోర్డు పెట్టారు.

మరుసటి శుక్రవారం తన గదిలోవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు.

"అంత భయపడి మళ్ళీ వచ్చారేమండీ?" అన్నాను.

"మా గదిలో ఎవడి మంచం వాడిదేనండి. వండుకోడం, తినడం, పడుకోడం. మొన్న బాత్రూముకి తోడు రమ్మన్నానని అందరూ లేచి కూకుని కథంతా చెప్పించుకున్నారండి. నేనొచ్చాక ఆ గదిలో నవ్వు వినడం అదే మొదలు."

"ఈ క్యాసెట్టు మీ క్యాంపులో దొరకదా?"

"దొరుకుద్దండి. పక్కన ఇంకో పదిమంది కేకేస్తేనే కదండీ మజా."

సినిమా అప్పటికే హోల్డోవర్ అయింది, అంటే రెండో వారానికీ ఉంచారు. సత్యం మాటలు మేనేజరుకి చెప్పాను. ఆయన అప్పటి నుంచి తరచూ ఓ దయ్యం సినిమా తెప్పించేవాడు. మ్యాట్నీ నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది.

అంతవరకూ, ఒంటరిగా వచ్చినవాళ్ళకి హాయిగా ఉంటుందని ఖాళీ వరుసలో సీటిచ్చేవాణ్ణి. దయ్యం సినిమాకి మాత్రం ఆ పద్ధతి మార్చుకున్నాను. "పక్కన మనిషి ఉండాలా?" అని మెల్లగా అడిగేవాణ్ణి. దూరాన ఒంటరిగా బతికేవాళ్ళు భయం కోసం కాదు, భయపడినప్పుడు దొరికే తోడు కోసం టిక్కెట్టు కొంటారని నాకు అర్థమైంది. వద్దన్నవాళ్ళు అరుదు.