కరివేపాకు చేసిన పరీక్ష

కడపలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తున్నప్పుడు రెండు తెల్లపొడులు నాకు పిచ్చెక్కించాయి. ఒకటి పొలాల్లో చల్లే యూరియా, రెండోది కోళ్ల దాణాలో కలిపే కోలిన్ క్లోరైడ్. కలిపి కాస్త వెచ్చబెడితే చాలు, రెండూ కరిగి నూనెలాంటి తేట ద్రవమై కూచుంటాయి. మా ఎండలకు అది మళ్లీ గడ్డకట్టే ప్రసక్తే లేదు. వేరే పదార్థాలను తమలో కరిగించుకునే ఇలాంటి ద్రవాలను డీప్ యుటెక్టిక్ సాల్వెంట్లు అంటారు. మొదటిసారి బీకరులో అది కరిగిన రోజు ల్యాబులో గిరగిరా తిరిగాను. ఘాటైన అసిటోన్ అక్కర్లేకుండా పసుపులోంచి రంగు లాగుతుంది మరి! థీసిస్‌లో ధీమాగా 'పర్యావరణహితం' అని రాసేశాను.

మా గైడు మేడం ఆ మాట కింద ఎర్రగీత కొట్టారు.

"పర్యావరణాన్ని అడిగే రాసినావామ్మా?"

ఆ ద్రవంలో గింజలు మొలుస్తాయో లేదో పరీక్ష చేసి చూపిస్తేనే ఆ మాట ఉంటుందన్నారు. అది పోతే నా థీసిస్‌లో మిగిలేదేముంది?

అయినా నాకేం భయం? ఆ శనివారం సీసా పట్టుకుని కమలాపురంలో మా ఇంటికి వెళ్లాను. కాస్త సాల్వెంటు గిన్నెలో పోసి, పసుపు కలిపి, రంగు దిగడం అమ్మకు చూపించి గొప్పలు మొదలుపెట్టాను.

"యూరియా, కోళ్ల దాణా, అంతేమ్మా. మట్టిలో పోసినా ఏమీ కాదు."

"అంత మంచిదా?"

"శానా మంచిది."

మా అమ్మ ఏదీ పారబోయదు. బియ్యం కడుగు, పులిసిన మజ్జిగ, గిన్నెలు తొలిచిన నీళ్లు, అన్నీ పెరట్లోని కరివేపాకు చెట్టుకే. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా సీసా కడిగి బోర్లించి ఉంది. వారం తిరక్కుండానే ఫోనొచ్చింది.

"ఏమ్మే, నీ మందు నా చెట్టును మాడ్చి పెట్టిండాది. తాలింపులోకి రెబ్బ లేక పక్కింట్లో అడుక్కుంటాండా!"

నవ్వొచ్చింది, వెంటనే థీసిస్‌లో రాసిన మాట గుర్తొచ్చింది. యూరియా అయినా ఒకే మొక్కకు గుప్పెడు వేస్తే మాడదా? రైతు ఇంట్లో పుట్టి ఆ సంగతే మరిచానే! మేడంకు చెబితే పడీపడీ నవ్వారు.

"మొదటి పరీక్ష మీ అమ్మ చేసేసింది. మిగతావి నువ్వు చెయ్."

తడి కాగితాల మీద పెసలు పరిచాను. చిక్కటి ద్రవంలో ఒక్కటీ మొలవలేదు. నీళ్లు కలిపేకొద్దీ ఒకటీ అరా తలెత్తాయి. బాగా పల్చన చేసినదాంట్లో మాత్రం ఉత్త నీళ్లలో మొలిచినంత ఒత్తుగా లేచాయి. నేను ఎగిరి గంతేశాను. థీసిస్‌లో ఆ మాట నిలిచింది, 'తగినంత పల్చన చేస్తే, పెసల మట్టుకు' అనే తోకతో. ఈసారి ఎర్రగీత పడలేదు.

ఆ సంతోషం చెబుదామని ఇంటికి ఫోను చేస్తే, అమ్మ నన్ను మాట్లాడనిస్తేగా!

"మే, చెట్టు మొదట్లో చిగురొచ్చిండాది! ఆదివారం రా, చిత్రాన్నం చేస్తా. వచ్చేటప్పుడు మాత్రం ఉత్త చేతుల్తో రా."